బిరడా పెట్టేదాకా

"నోరు మూసుకో!"

ప్రేమిస్తున్నానని చెప్పిన అబ్బాయికి ఆ పిల్ల ఇచ్చిన జవాబు అదీ! పాపం, ఫ్యాన్ మెకానిక్ మొహం మాడిపోయింది. సంచి భుజాన వేసుకుని గిర్రున తిరిగి వెళ్లిపోయాడు.

ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఎదురుగా స్పిరిట్ దీపం వెలుగుతోంది. ఆయిస్టర్ పుట్టగొడుగును అప్పుడే నిలువునా చీల్చి, లోపలి కండలోంచి బియ్యపుగింజంత ముక్క తీసింది. పుట్టగొడుగుల విత్తనం కోసం దాన్ని సీసాలోని జెల్లీ మీద పెట్టి దూది బిరడా బిగించేదాకా ఆ గదిలో ఎవరూ నోరు విప్పకూడదు. నోటిగాలి తగిలిందా, తెల్లటి పోగులు అల్లుకోవాల్సిన సీసాలో పచ్చ బూజు లేస్తుంది.

అసలు వీళ్ల పరిచయమే ఆ గొడవతో మొదలైంది. వాళ్లమ్మ పిలిస్తే ఫ్యాన్ బాగుచేయడానికి వచ్చి, ఆమె ముక్క పెడుతుండగా స్విచ్ వేసి చూశాడు మహానుభావుడు. సీసాలన్నీ పచ్చబడ్డాయి. ఆ పాపం కడుక్కోవడానికి రోజూ వచ్చి సీసాలు కడిగేవాడు. కడుగుతూ కడుగుతూ ప్రేమలో పడ్డాడు.

బిరడా బిగించి ఆమె వీధిలోకి పరుగెత్తేసరికి అతను లేడు. ఎదురుగా నాన్న ఉన్నాడు.

"ఆదివారం సంబంధం వాళ్లొస్తున్నారు. ఆ సీసాలు తీసేసి గది ఖాళీ చెయ్. బూజు పెంచే పిల్లని ఎవడు చేసుకుంటాడే?"

"గదీ ఖాళీ చెయ్యను, నేనూ ఖాళీగా లేను!"

"అంటే?"

"అంటే అంతే!"

మెకానిక్ అలిగాడు. ఫోనెత్తలేదు. చూసి చూసి ఆమెకు ఒళ్లు మండింది. సీసా పట్టుకుని తిన్నగా అతని షాపుకే వెళ్లింది.

"చెప్పండి, ఏం రిపేరు?" అన్నాడు తలెత్తకుండా.

"ఈ 'అండీ' ఎప్పట్నుంచి? రిపేరు నీ బుర్రకే! ఇది చూడు."

సీసాలో ముక్క చుట్టూ తెల్లటి పోగులు నూలులా అల్లుకున్నాయి. ఎక్కడా పచ్చ మచ్చ లేదు.

"నువ్వు ఐ లవ్ యూ అన్నప్పుడు పెట్టిన ముక్క. మాస్కు కూడా లేకుండా వాగావు! ఏదో అదృష్టం కొద్దీ బతికింది."

"అయితే నోరు మూసుకోమన్నది..."

"దీనికోసం, మొద్దూ!"

"బిరడా పెట్టేశావుగా. ఇప్పుడు చెప్పు మరి."

మిక్సీ కోసం వచ్చిన పెద్దావిడ చెవులు రిక్కించింది. రిక్కిస్తే రిక్కించనీ అనుకుంది ఆమె.

"నువ్వంటే ఇష్టం. చాలా ఇష్టం. పద మా ఇంటికి, నా గది నిలబెట్టుకోవాలి."

సీసాలు ఎత్తిపారేద్దామని నాన్న గంప పట్టుకుని వచ్చేసరికి గదిలో దీపం వెలుగుతోంది. కూతురి చేతిలో పట్టకారు, పక్కన మెకానిక్.

"ఒరేయ్, నువ్వు మళ్లీ..."

కూతురు తల తిప్పకుండానే అరచెయ్యి అడ్డంపెట్టింది. మెకానిక్ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన మాటను సగంలో ఆపినవాళ్లు ఇంతవరకు లేరు. ఏమనుకున్నాడో ఏమో, ఆగాడు. కూతురి చెయ్యి వణకడం లేదు. కుర్రాడు ఊపిరి బిగబట్టి ఎర్రబడిపోతున్నాడు. ఆమె పని కోసం ఇంట్లో ఎవరూ అంత పాటు పడలేదని ఆయనకు అప్పుడు తోచింది.

బిరడా పడింది.

"ఇప్పుడు అరిచెయ్ నాన్నా. కానీ ఈ గదినీ వదలను, ఇతన్నీ వదలను."

నాన్న గంప కింద పెట్టాడు.

"ఆగీ ఆగీ, ఏమని అరవాలో మర్చిపోయానే. సంబంధం వాళ్లని రావద్దని ఫోన్ చేస్తాలే."

తర్వాత మెకానిక్ వైపు తిరిగి, "ఒరేయ్, ఇక నువ్వు ఊపిరి పీల్చుకో" అన్నాడు.