గాదె నిచ్చెన

కొండ మీద ఇంకా పొగమంచు విడలేదు. చెలంగాట్ టీ కాచి, అరటికాయలు ఉడకేసి, బుట్ట పట్టుకుని గాదె కింద నిలబడింది. పైనుంచి అత్త యాప్సివా రాగులు అందిస్తోంది.

ఆడపిల్లల మర్మాంగం కోసే ఆచారం వద్దని ఏళ్ల తరబడి ఊరూరా తిరుగుతున్న మనిషి చెలంగాట్. కోత పడని ఆడది గాదె ఎక్కకూడదని ఆ కొండ కట్టుబాటు. ఆమెకి కోత పడలేదు, అందుకే సొంతింట్లో కూడా ఆ నిచ్చెన తొక్కలేదు. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో అత్త మొదటి గుప్పెడు రాగులు ఆమె ఒడిలో పోసి నవ్వేది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ మనసు మెత్తబడుతుంది.

యాప్సివా దిగి, మోకాలు పట్టుకుని కూలబడింది.

"ఇక నావల్ల కాదు. డిసెంబర్లో చెరోప్‌కి కోత పెట్టిస్తున్నా. కోసే మనిషికి కబురంపాను."

"నా కూతురి జోలికొస్తే ఊరుకోను అత్తయ్యా."

"మరి గాదె ఎవరెక్కుతారే? నువ్వు మైకు పట్టుకుని ఉపన్యాసమిస్తే రాగులు వాటంతటవే దిగొస్తాయా?"

గుమ్మంలో నిలబడ్డ పదిహేనేళ్ల చెరోప్ నోరు విప్పింది.

"నేనే ఒప్పుకున్నానమ్మా. ఊరందరికీ చెప్తావు. ఇంట్లో మాత్రం బిచ్చానికొచ్చినట్టు కింద నిలబడతావు. నేనలా నిలబడను."

చెలంగాట్ కళ్ల ముందు చెసాంగ్ మెదిలింది. అత్తయ్య కూతురు, తన ఈడుదే. ఇద్దరూ కలిసి వాగు నీళ్లు మోసేవారు, ఒకే చెరకుగడ పంచుకునేవారు, కోతయ్యాక గాదె ముందు నేనెక్కుతానంటే నేనని పోట్లాడుకునేవారు. కోత రోజున తను పారిపోయింది. చెసాంగ్ ఉండిపోయింది. నెత్తురు ఆగక ఆ సాయంత్రమే పోయింది. తర్వాత చెసాంగ్ అన్ననే చేసుకుని చెలంగాట్ ఈ ఇంటికొచ్చింది.

"అత్తయ్యా, కోత పడ్డాక మన చెసాంగ్ ఈ నిచ్చెన ఎన్నిసార్లు ఎక్కింది?"

యాప్సివా నిచ్చెన వైపు చూసింది.

"ఒక్కసారీ ఎక్కలేదు" అంది.

చెలంగాట్ బుట్ట చంకన పెట్టుకుని నిచ్చెన మీద కాలు పెట్టింది. ముసలామె గబుక్కున లేచింది. ఆపుతుందనుకుంది చెరోప్. కానీ ఆమె రెండు చేతులా నిచ్చెన గట్టిగా పట్టుకుంది.

"మూడో మెట్టు ఊగుతుంది. చూసుకుని ఎక్కు."

పైనుంచి చెలంగాట్ మొదటి గుప్పెడు రాగులు అత్త ఒడిలో పోసింది. యాప్సివా కళ్లు తుడుచుకోలేదు, నిచ్చెనా వదల్లేదు.

"చెరోప్, ఆ కోసే మనిషిని రావద్దని చెప్పిరా" అంది. "తిరిగొచ్చాక నువ్వూ ఎక్కుదువు గాని."