ఇంజన్ బంద్ చేసి చెప్పు

"ఓ భాయ్! ఏంది గీ లొల్లి? ఇది గల్లీనా, రేస్ గ్రౌండా?"

మొదటిసారి రుచిత నాతో అన్న మాట అది. సూరత్‌లోని గోడాదరాలో సరిగ్గా వాళ్లింటి ముందు నా స్కూటర్ మొరాయించింది. కిక్కు కొడితే అంటుకుంటోంది, ఓ అరుపు అరుస్తోంది, ఆగిపోతోంది. పొగంతా వాళ్ల బాల్కనీలోకి పోతోంది.

"టూ-స్ట్రోక్ బండి. బోర్ పెద్దది చేయించిన. కార్బురేటర్ గుడ పెద్దది ఏయించిన," అన్నాను గొప్పగా.

"మరి నడుస్తలేదేంది?"

మా బాపు నడిపినన్నాళ్లూ ఆ స్కూటర్ బుద్ధిగానే ఉండేది. యూట్యూబ్ చూసి నేను బాగుచేశాకే ఇలా తయారైంది.

"ఏం పని జేస్తవ్?" అంది.

"సాంచెల మీద బట్ట నేస్త."

"మేం గుడ సాంచెలోళ్లమే. గా మోతల ఉండుండి నీకు చెవులు పోయినట్టున్నయ్. ఎప్పుడు బాగైతది ఇది?"

"స్లోల నడుస్తలేదు. జర గాలి స్క్రూ సెట్ చెయ్యాలె. ఆదివారం చేస్త."

"సరే, ఉమాకాంత్‌భాయ్."

నా పేరెలా తెలిసిందా అని పొంగిపోయాను. స్కూటర్ వెనక ఎర్ర అక్షరాలతో నేనే రాయించుకున్నానని తర్వాత గుర్తొచ్చింది. ఇక ఆ భాయ్ సంగతంటారా, సూరత్‌లో చాయ్‌వాలా నుంచి సేఠ్ దాకా అందరూ భాయ్‌లే అని నన్ను నేనే ఓదార్చుకున్నాను.

బండి ఆగిన చోటే సెట్ చేయాలని ఏ మెకానిక్కూ చెప్పడు. నేను మాత్రం ప్రతి ఆదివారం అక్కడికే పోయాను. స్క్రూ కొంచెం తిప్పడం, రేస్ ఇవ్వడం, ప్లగ్గు విప్పి రంగు చూడడం. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. కాఫీ రంగు వస్తే సెట్ అయినట్టే.

రెండో ఆదివారమే కాఫీ రంగు వచ్చింది. బండి బాగైతే మళ్లీ ఏ మొహం పెట్టుకుని రావాలి? గబగబా స్క్రూ తప్పుగా తిప్పేశాను.

రుచిత ఎదురుపడితే నాకు నోరు పెగలదు. ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు మాత్రం పులినే. ఆ మోతలో బాల్కనీ వైపు తిరిగి, "రుచితా, నువ్వంటె నాకు పానం," అనేవాణ్ని. నా మాట నాకే వినపడేది కాదు. నా ధైర్యమంతా అదే.

ఓ ఆదివారం వాళ్ల బాపు పరుశురాం లుంగీ ఎగగట్టి నా పక్కనొచ్చి నిలబడ్డాడు.

"ఏం పిలగా, గిట్ల ఎన్నాళ్లు? ఇయ్యాల సెట్ కాలేదనుకో, బండిని భంగార్‌ల పాత ఇనుము కింద అమ్ముత. మళ్ల గీ గల్లీల కనవడొద్దు."

"ఇయ్యాల అయిపోతది కాకా."

సెట్ కాకపోతే రానివ్వడు. సెట్ అయితే రావడానికి సాకు లేదు. ఎటు చూసినా ఇదే ఆఖరి ఆదివారం. నాకు ఏడుపొక్కటే తక్కువ.

చినుకులు మొదలయ్యాయి. బాల్కనీలో రుచిత ఆరేసిన బట్టలు తీయడం మరిచిపోయి నన్నే చూస్తోంది. ఈసారి స్క్రూ నిజాయితీగా తిప్పాను. ఇంజన్ స్లోలో కూడా హాయిగా కొట్టుకుంటోంది. ఫుల్ రేస్ ఇచ్చాను.

"రుచితా, ఇంగ రాను. నువ్వంటె నాకు మస్తు పానం. నన్ను యాది పెట్టుకో."

ఆమె పెదాలు కదిలాయి. ఏమీ వినపడలేదు, కానీ పొల్లుపోకుండా అర్థమైంది.

"ఇంజన్ బంద్ జేసి చెప్పు."

సాంచెల మోతలో మాటలు వినపడవు. పెదాలు చూసే అర్థం చేసుకుంటాం. మా మేస్త్రీ మొండయ్య కార్ఖానా ఆ చివర తిడితే ఈ చివర నేను మాట పోకుండా అప్పజెప్పగలను. ఇంత తెలిసినవాడికి, రుచిత కూడా సాంచెల పిల్లేనన్న సంగతి తట్టలేదు.

తర్వాత ఇంకోటి తట్టింది. ఆ గల్లీ మొత్తం సాంచెలోళ్లే. నా పక్కనున్న పరుశురాం మీసాలు రాకముందు నుంచీ సాంచెలు నడుపుతున్నాడు. మెల్లగా ఆయన వైపు తిరిగాను.

"నన్నేం జూస్తవ్? బంద్ జెయ్, పిల్ల అడుగుతుంది గద," అన్నాడు.

బంద్ చేశాను. గల్లీ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎదురింటి వజ్రమ్మ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ప్రతి ఆదివారం కూర్చునేది. నా మెకానిక్ పనితనం చూస్తోందనుకున్నాను.

రుచిత వానలో తడుస్తూ కిందికి దిగొచ్చింది.

"ఎన్ని వారాలసంది జూస్తున్న, ఎప్పుడు బంద్ జేసి చెప్తవా అని. ఇప్పుడు చెప్పు."

నోరు తెరిచాను. పెదాలు కదిలాయి. గొంతు మాత్రం స్టార్ట్ కాలేదు.

"చెప్పిండు, చెప్పిండు!" కిటికీలోంచి వజ్రమ్మ కేక వేసింది. "మళ్ల గదే మాట!"

రుచిత పకపకా నవ్వింది. నవ్వు ఆగాక, "నాకు గుడ గంతే, ఉమాకాంత్," అంది.

భాయ్ లేదు. నాకు ఆ వానలోనే ఎగిరి గంతేయాలనిపించింది. కానీ పక్కన పరుశురాం ఉన్నాడు.

"కాకా, మరి..." అన్నాను.

"ఇంగా కాకా ఏందిరా? గట్లంటె నేను చిన్నాయననైత, ఇది నీకు చెల్లె అయితది," అన్నాడు పరుశురాం. "మామా అను. ఉట్టిగ పెదవులు కదిలిచ్చుడు గాదు, నోరిప్పి గట్టిగ అను."

అన్నాను. గల్లీ చివరిదాకా వినపడింది.