ఇస్త్రీ గదిలో చప్పుడు

కేరళలో పాలా అనే ఊళ్ళోని ఆ వృద్ధాశ్రమంలో చీకటి పడ్డాక వెనక ఇస్త్రీ గది వైపు ఎవరూ వెళ్ళరు. ఎప్పుడో పోయిన ఒక సిస్టరమ్మ అర్ధరాత్రి అక్కడ తెల్లబట్టలు ఇస్త్రీ చేసుకుంటుందట. పెట్టె బల్లమీద ఆనించిన చప్పుడు తమ చెవులతో విన్నామని, డ్యూటీకొచ్చే నర్సింగ్ పిల్లలు ఒట్టేసి మరీ చెబుతారు.

జిస్‌మోళ్ నర్సింగ్ రెండో ఏడు. పసిపిల్లల వార్డు అడిగితే, ముసలివాళ్ళ దగ్గర నెల డ్యూటీ పడింది.

"తుడవడం, తిప్పి పడుకోబెట్టడం, మాత్ర మింగించడం. వీళ్ళతో ఇంకేముంటుంది చెప్పు?" అని తోటి పిల్ల షైని దగ్గర విసుక్కునేది. నాలుగో మంచం మీది తాత, అందరూ అవుసేప్ అప్పచ్చన్ అని పిలిచే ఆయన అయితే పది రోజులైనా ఒక్క మాట పలకలేదు. ఆ ముసలాయనకి మతి లేదని తేల్చేసింది.

ఆ రాత్రి వాన దంచుతోంది. ఒంటిగంటకి టార్చి వేసి చూస్తే — నాలుగో మంచం ఖాళీ.

బాత్రూంలో లేడు. వరండాలో లేడు...

"ఇక మిగిలింది ఆ గదేనే," అంది షైని గొంతు తగ్గించి.

"నువ్వూ రా."

"చంపినా రాను. వార్డెవరు చూస్తారు?"

ఎక్కడైనా జారి పడ్డాడేమో... తుంటి విరిగి, పిలవలేక పడున్నాడేమో... ఆ ఊహకి దెయ్యం భయం కాస్త వెనక్కి తగ్గింది. మెడలో శిలువ పిడికిట పట్టుకుని నడిచింది.

తలుపు సందులో సన్నటి వెలుగు.

టప్...

కాళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ — టప్. ఆ వెంటే ఎవరో నోరు మూసుకుని నవ్వినట్టు...

కళ్ళు మూసుకుని తలుపు తోసేసింది.

ఇస్త్రీ బల్ల చుట్టూ ముగ్గురు. అవుసేప్ అప్పచ్చన్, ఎనభై దాటిన అన్నమ్మ అమ్మచ్చి, పక్క వార్డులో ఉండే పాత బస్సు డ్రైవరు కురియాకోస్. బల్ల నిండా పేకముక్కలు. విసిరి కొట్టబోయిన జాకీ అప్పచ్చన్ చేతిలోనే ఆగిపోయింది.

"తలుపెయ్యి అమ్మాయ్. దీపం ఆరిపోతుంది," అన్నాడాయన.

"మీకు మాటలొచ్చా అప్పచ్చా?"

"'నాలుగో మంచం, నోరు తెరువు' అంటే మంచమే పలకాలి. నాకు పేరుంది."

జిస్‌మోళ్ మొహం కందిపోయింది. నెమ్మదిగా అడిగింది. "మరి... ఆ సిస్టరమ్మ?"

"మేమే పుట్టించాం," అంది అన్నమ్మ. "తొమ్మిదింటికే పడుకోమంటే నిద్రెక్కడ పడుతుంది? నాలుగేళ్ళయింది. మంచాలు ఖాళీగా ఉన్నా, వెతుక్కుంటూ ఇటొచ్చిన పిల్ల నువ్వొక్కదానివే."

కురియాకోస్ ఖాళీ కుర్చీ ముందుకు లాగాడు. "మా పైలి కంటి ఆపరేషనుకెళ్ళాడు. నాలుగో చెయ్యి లేదు. ఇరవైఎనిమిది ఆట వచ్చా?"

మేట్రనుకి చెప్పాలి. చెప్పాల్సిందే... ఆమె కుర్చీలో కూర్చుంది.

"ఒక్క ఆటే. తర్వాత అందరికీ బీపీ చూస్తా, ఎవరి మంచానికి వాళ్ళు."

"ముందు ముక్కలు తియ్యి," అన్నాడు అవుసేప్ అప్పచ్చన్.

అక్కడ వార్డులో జపమాల తిప్పుతూ కూర్చున్న షైనికి, వాన హోరులోంచి ఒక ఆడపిల్ల పకపకా నవ్విన నవ్వు వినిపించింది. అప్పచ్చన్‌ని నడిపించుకొచ్చిన జిస్‌మోళ్, ఆయన వరండాలో దొరికాడని చెప్పి ఊరుకుంది.

ఇప్పుడు ఆ గదిలో రెండు దెయ్యాలున్నాయట. రెండోది మంచి వయసులో ఉన్నదట.