పాట ఆగాక తీస్తాను

వారం రోజులూ నేను పళ్ళు చేస్తాను. నిజంగానే. దంతవైద్యులు పంపే అచ్చుల్లో కట్టుడుపళ్ళు పోసి, అరగదీసి, మెరుగు పెట్టి పంపడం నా ఉద్యోగం. ఆదివారాలు మాత్రం బేస్ గిటారు వాయిస్తాను. మా బ్యాండు పేరు అరనిద్ర. ఉన్నది ముగ్గురం. గిటారు వాయిస్తూ పాడేది బడిలో లెక్కలు చెప్పే నా స్నేహితుడు, మా మాస్టారు. డ్రమ్స్ మా బావమరిది, వాణ్ణి అందరూ పిడుగు అంటారు. మాస్టారూ నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. పిడుగు చిన్నప్పటి నుంచీ మా వెనకే తిరిగేవాడు. వాణ్ణి ఇంటి దగ్గర దింపడానికి వెళ్ళీ వెళ్ళీ నేను వాళ్ళ అక్కని చేసుకున్నాను.

మాది సైకడెలిక్ రాక్. అంటే ఏమిటని మా మామగారు అడిగితే, "కళ్ళు తెరుచుకుని కనే కల లాంటి పాట మామయ్యా" అని చెప్పాను. "అందుకేనన్నమాట, ఎప్పుడు మెలకువ వస్తుందా అని ఒకటే ఎదురుచూశాను" అన్నాడాయన.

ఆయన ఏమన్నా ఈ ఏడాది మా దశ తిరిగింది. పాతికమంది వచ్చే చోటికి మూడొందలమంది రావడం మొదలైంది. కాలేజీ పిల్లలు మా పేరు చొక్కాల మీద అచ్చు వేయించుకున్నారు. చివరికి ఒక పెద్ద సంగీతోత్సవం వాళ్ళే కబురు చేసి, మా పాటల్లోకెల్లా పొడుగైనదాన్ని మొత్తం రికార్డు చేసి పంపమన్నారు.

ఆ పాటకి ముగింపు లేదు. మొదలుపెడతాం, ఎక్కడెక్కడికో పోతాం, ఎవరో ఒకరం అలిసిపోయాక ఆపేస్తాం. మధ్యలో పొలికేకలుంటాయి, తలుపులు బాదుతున్నట్టు డ్రమ్స్ ఉంటాయి, గిటారు వెక్కి వెక్కి ఏడుస్తుంది. దానికో ముగింపు కడదామని మూడుసార్లు కూర్చున్నాం. మూడుసార్లూ పోట్లాడుకుని లేచాం.

మేం సాధన చేసేది మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో, ఒకప్పుడు ఐసు దిమ్మలు దాచిన గదిలో. మూరెడు మందం గోడలు, లోపలంతా రేకు తాపడం, కిటికీ అన్నది లేదు. తలుపు బండరాయంత బరువు. దాని లోపలి పిడి ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి డ్రమ్ముల పెట్టె అడ్డం పెట్టి తెరిచే ఉంచేవాళ్ళం. రికార్డింగు రోజు మాత్రం రోడ్డు మీద లారీల మోతకి తలుపు మూయక తప్పలేదు. ముగ్గురి ఫోన్లూ అక్కడి వాచ్‌మన్ బాబాయ్‌కి ఇచ్చేశాం.

"బయటే కూర్చో బాబాయ్. పాట ఆగాక తియ్యి," అన్నాను.

"ఆగేదాకా ముట్టుకోను. పోయిన వారం మధ్యలో టీ తెచ్చానని నన్ను పీక్కుతిన్నారుగా," అన్నాడు.

నిజమే. పెద్దవాణ్ణి పట్టుకుని అంతలేసి మాటలు అనకుండా ఉండాల్సింది.

మధ్యాహ్నం రెండు గంటలు. తలుపు పడగానే లారీల చప్పుడు తెగిపోయింది. గదిలో తుప్పు వాసన, నిలవ నీటి వాసన, వేడెక్కుతున్న యాంప్లిఫయర్ల వాసన. ఒకే ఒక్క బల్బు. గోడ అడుగున పాత గొట్టాలు పోయిన కన్నం ఒకటుంది, దాంట్లోంచే కరెంటు తీగ లోపలికి తెచ్చుకున్నాం. తీగ చుట్టూ గుడ్డలు కుక్కి ఆ సందు కూడా మూసేశాం.

మొదలుపెట్టాం. అంత బాగా మేం ఎప్పుడూ వాయించలేదు. ఎంతసేపైందో తెలియలేదు, ఒళ్ళు మరిచిపోయాం. ఉన్నట్టుండి పిడుగు చెయ్యి తడబడింది. చూస్తే నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాడు. వాడికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం.

ముగ్గురం ఆపేశాం.

"ఇన్‌హేలరు..." అన్నాడు.

పొద్దున వాళ్ళ అక్క దాన్ని నా చేతికే ఇచ్చింది. నేను బండి పెట్టెలో పడేసి వచ్చాను.

"ఫరవాలేదురా. ఇప్పుడు తీస్తాడుగా," అన్నాను.

తలుపు తెరుచుకోలేదు.

నిమిషం చూశాం. రెండు నిమిషాలు చూశాం. మాస్టారు పిలిచాడు. తర్వాత ఇద్దరం కలిసి రెండు చేతులా బాదాం. ముసలాయన కునుకు తీస్తున్నాడేమో అనుకుని నేను నేల మీద బోర్లా పడుకుని, గుడ్డలు పీకేసి, కన్నానికి చెవి ఆనించాను.

పాట వినబడుతోంది.

మా పాటే. నా బేస్, మాస్టారి గిటారు, పిడుగు డ్రమ్స్. బయట వరండా నిండా మోగుతోంది. తల ఎత్తితే గదిలో నిశ్శబ్దం, పిడుగు ఛాతీలో ఈల. చెవి ఆనిస్తే పాట... మళ్ళీ ఎత్తితే ఏమీ లేదు.

మాస్టారు కూడా విన్నాడు. లేచి వెళ్ళి రికార్డరు తీగ పీకేశాడు. యాంప్లిఫయర్లు ఆపేశాడు. వచ్చి మళ్ళీ చెవి పెట్టాడు. వాడి మొహం చూస్తేనే అర్థమైంది, ఆగలేదని.

"బాబాయ్! తలుపు తియ్యి! వీడికి ఊపిరాడట్లేదు!" కన్నంలోకి గొంతు చించుకున్నాను.

బయటి నుంచి తాపీగా జవాబొచ్చింది. "ఆహా... కానివ్వండి బాబూ. ఈసారి అరుపు భలే కుదిరింది."

మేం బాదితే ఆయనకది డ్రమ్ము. మేం ఏడిస్తే ఆయనకది గిటారు. మేం కట్టుకున్న పాట అలాంటిది మరి, అందులో మనిషి చచ్చిపోతున్నా తెలియదు.

పిడుగు పెదాలు నల్లబడుతున్నాయి. వాణ్ణి గోడకి చేరేసి కూర్చోబెట్టాను. వాడి వేళ్ళు నా చొక్కా పట్టుకుని వదలడం లేదు.

"మనం ముగింపు కట్టలేదు," మాస్టారు గొణిగాడు. "అది ఎలా ఆగుతుందిరా?"

"అయితే ఇప్పుడు కడదాం. లే."

స్విచ్చులు మళ్ళీ వేశాం. బేస్ పొట్ట మీద పెట్టుకుని, చెవి కన్నానికి ఆనించి పడుకున్నాను. బయటి పాట మేం ఎప్పుడూ వెళ్ళని చోటెక్కడో ఉంది. వెతికి వెతికి దాన్ని అందుకున్నాను. మాస్టారు నన్ను అందుకున్నాడు. కొండ దిగే బండికి బ్రేకు వేసినట్టు కొంచెం కొంచెంగా లాగాం. నేను నెమ్మదిస్తే బయట బేస్ నెమ్మదించింది. నేను ఆగితే... అదీ ఆగింది. మాస్టారు తీగల మీద అరచెయ్యి వేశాడు. బయట గిటారు ఆగింది.

డ్రమ్స్ ఆగలేదు.

డ్రమ్ము పుల్లలు తెచ్చి పిడుగు చేతిలో పెట్టాను. జారిపోయాయి. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారిపోయాయి.

"ఒక్క దెబ్బరా... నా బంగారం... ఆఖరిది. ఒక్కటే."

వాడు నా కళ్ళలోకి చూశాడు. చెయ్యి ఎత్తాడు. అరచేత్తో తన ఛాతీ మీద కొట్టుకున్నాడు. ఒక్కసారి.

బయట అంతా ఆగిపోయింది.

గడియ చప్పుడు. వెలుగు. "ఏం పాట బాబూ..." అంటూ లోపలికి వచ్చిన బాబాయ్, పిడుగుని చూసి కెవ్వుమన్నాడు.

ఆసుపత్రిలో మాస్కు పెట్టారు, సూది మందు ఎక్కించారు. గంటలో వాడి పెదాలకి రంగు వచ్చింది. ఆ ఈల కూడా పోయింది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి తమ్ముడి తల నిమురుతూ కూర్చుంది. నా వైపు తిరిగి చూడలేదు. చూడకపోతే పోనీ, జన్మంతా తిట్టినా పడతాను, వాడు బతికాడు. నేను కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

సాయంత్రం నర్సు వచ్చింది. "ఒకసారి ఊపిరి చూస్తానమ్మా," అని స్టెతస్కోపు వాడి ఛాతీ మీద ఆనించింది.

పది సెకన్లు. ఇరవై. నిమిషం. పక్క మంచం వాళ్ళు పిలిచినా ఆమె కదలలేదు.

"ఏమైంది సిస్టర్? బాగానే ఉందా?" మా ఆవిడ కంగారుగా అడిగింది.

నర్సు కళ్ళు మూసుకుంది. పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ఉష్..." అంది మెల్లగా. "ఇంకా అవ్వలేదు."

ఆమె మడమ నేల మీద తాళం వేస్తోంది. పిడుగు కళ్ళు విప్పుకుని నా వంకే చూస్తున్నాడు.