మొదటి గిన్నె రోగికి

ఏజెంట్ నీహారిక తుపాకీ గుళ్లను భరించగలదు గానీ మామగారిని భరించలేదు. బాలశౌరిగారు ఫిరంగిపురంలో హిస్టరీ లెక్చరర్‌గా రిటైరై అమెరికాలో పార్సిప్పనీకి, కొడుకింటికి వచ్చారు. ఇక్కడ క్లాసు లేదు కాబట్టి కోడలే క్లాసు.

"జెరూసలేంలో ఆ నైట్లు, శిలువ గుర్తు వేసుకున్న యోధ సన్యాసులు, కత్తి పట్టకముందే ఆస్పత్రి నడిపారమ్మా. రోగే వాళ్లకి ప్రభువు. ముందు రోగికి వడ్డించాకే పెద్ద నైట్‌కైనా ముద్ద. ఇంకో సంగతి..."

"మామయ్యగారూ, ఇడ్లీ చల్లారిపోతోంది."

ఫోన్ మోగింది. చీఫ్.

"హర్షిత్ దొరికాడు. రిజర్వాయర్‌లో. గోళ్లు లేవు."

హర్షిత్ ఆమె పార్ట్‌నర్.

"విదేశీ ముఠా పని. నెక్స్ట్ టార్గెట్ డాక్టర్ అమర్‌నాథ్. రేపు కోర్టులో వాళ్ల మీద సాక్ష్యం చెప్పాలి. ఇవాళ మధ్యాహ్నం ఇక్కడి నైట్ల ఆర్డర్, అదే ఆ పాత జెరూసలేం సంఘం, రోగులకిచ్చే విందుకి వీల్‌చెయిర్‌లో వస్తున్నాడు. లోపల మన వేద ఉంది. రెండేళ్లుగా ఆర్డర్ సభ్యురాలి వేషం. ప్రతి విందు రిపోర్టూ తనదే. కోడ్‌వర్డ్ గోంగూర."

మధ్యాహ్నం విందు హాల్లో నీహారికకి కేటరింగ్ ఏప్రన్, బుట్టకమ్మలో మైక్, చిన్న స్పీకర్. వేదకి నల్లని అంగీ, దానిమీద ఎనిమిది కొనల తెల్ల శిలువ. అందులోనూ సినిమా పోస్టర్‌లా ఉంది.

"గోంగూర," అంది వేద పక్కనుంచి పోతూ. "కిల్లర్ కిచెన్‌లో ఉన్నాడు. నువ్వెళ్లు. డాక్టర్‌ని నేను చూసుకుంటా."

కిచెన్ గుమ్మంలో నీహారిక వెనక్కి తిరిగి చూసింది. నైట్లందరూ సూప్ గిన్నెలతో వీల్‌చెయిర్ల వైపు నడుస్తున్నారు. వేద మాత్రం మొదటి గిన్నె తీసుకెళ్లి, పెళ్లిలో వియ్యంకుడికి పెట్టినట్టు, వంగి ఆర్డర్ ప్రెసిడెంట్ ముందు పెట్టింది. ఆ ముసలి నైట్ మొహం మాడిపోయింది.

రెండేళ్లు ఈ విందుల్లో వడ్డించిన మనిషికి ఈ మాత్రం తెలియదా? మరి ఆ రెండేళ్లూ ఎవరి దగ్గరుంది?

రెండో గిన్నెలోని చెంచా అమర్‌నాథ్ పెదవులకు తాకబోతుండగా నీహారిక వేద మణికట్టు పట్టి విరిచేసింది. సూప్ వేద మెడమీదే ఒలికింది. చర్మానికి తగిలినా చాలే విషం అది.

స్టోర్‌రూమ్‌లోకి ఈడ్చుకెళ్లేసరికి వేద పెదవులు నీలంగా మారాయి. చెయ్యి లాకెట్ కోసం తడుముకుంది. నీహారిక దాన్ని తెంపేసింది. లోపల చిన్న గాజుబుడ్డి, విరుగుడు.

"ఇయ్యి... ప్లీజ్."

"బయట ఎవరున్నారు?"

"మానవ్. పార్కింగ్‌లో నల్ల వ్యాన్. ఇయ్యవే!"

బుట్టకమ్మలో చీఫ్ గొంతు: "పట్టుకున్నాం."

"హర్షిత్ కూడా ఇలాగే బతిమాలాడా?"

వేద తలూపింది. నీహారిక బుడ్డిని నేలమీద పెట్టి మడమతో నలిపింది. వేద కదలడం మానేదాకా నిలబడి చూసింది.

సాయంత్రానికి పొద్దుటి ఇడ్లీలు ఉప్మా అయ్యాయి.

"సగంలో ఆపేశావుగా," అన్నారు బాలశౌరిగారు. "ఇంకో సంగతి అన్నానే, అసలు సంగతి అదేనమ్మా. వచ్చిన రోగి శత్రువైనా సరే, వాళ్లకి ప్రభువే. ముందు మందు. తర్వాతే పగ."

గుమ్మం దగ్గర బూటు మడమలోంచి గాజుపెంకు తీస్తున్న నీహారిక చెయ్యి ఆగిపోయింది.

"తప్పు చేశాను మామయ్యగారూ."

"ఏం చేశావమ్మా?"

"పొద్దున మిమ్మల్ని పూర్తిగా చెప్పనివ్వాల్సింది."