ఇరవై అక్షరాల తర్వాత

మంగళవారం ఉదయం 10:42. రాజధాని అసున్సియోన్‌లోని ఓ సర్వర్ ఆఫీసులో ఒక డిస్క్ తుడిచిపెట్టుకుపోయింది.

కాకుపే ఊరి కంటి క్లినిక్‌ది అది. ఆరువేల మంది కళ్ళ ఫోటోలు. చివరి బ్యాకప్ పదకొండు రోజుల కిందటిది.

11:30కల్లా కంపెనీ ఇన్వెస్టిగేటర్ నిమియా ఒర్తిగోసా దోషిని తేల్చేసింది. తుడిచే కమాండ్ ఇచ్చినవాడు ఆపరేటర్ ఎవులాలియో. షిఫ్టు మార్చలేదని వారం కిందటే మేనేజర్‌తో గొడవపడ్డాడు. సాక్ష్యం, మనిషి, కారణం ఒకేచోట దొరికాయి. ఇక అనుమానమెందుకు? సెక్యూరిటీ వాళ్ళు అతన్ని అందరి ముందూ గేటు దాకా నడిపించారు.

"నేను తుడిచింది రెండో డిస్క్ మేడమ్! కొత్తది, ఖాళీది!" అని అరుస్తూనే వెళ్ళాడు.

గురువారం. పోలీసులకు రిపోర్టు పంపేముందు నిమియా కమాండ్లు నమోదయ్యే లాగ్ మళ్ళీ తెరిచింది. అతను ఎంచుకున్నది నిజంగానే రెండో డిస్క్. తుడుచుకుపోయింది మాత్రం మొదటిది.

రిపోర్టు పంపడం ఆపేసింది.

మధ్యాహ్నం 3:00కి ముగ్గుర్ని పిలిపించింది. మేనేజర్ సిందుల్ఫో, సిస్టమ్స్ చూసే దెల్మీరా, ఎవులాలియో.

"దెల్మీరా, వర్చువల్ మెషిన్ డిస్క్‌ని ఎలా గుర్తుపడుతుంది?"

"కాన్ఫిగరేషన్‌లో మనం రాసిన సీరియల్ పేరుతో."

"ఎంత పొడుగుండాలి?"

"ఇరవై అక్షరాలు. ఆపైన ఉన్నది చప్పుడు చెయ్యకుండా కోసేస్తుంది."

"ఈ రెండింటి పేర్లు?"

"ఊరు, క్లినిక్, కళ్ళు, చివర నంబర్." దెల్మీరా బోర్డు మీద ఒక్కో అక్షరం లెక్కపెట్టింది. "కళ్ళ దగ్గరికే ఇరవై నిండిపోయాయి. నంబర్ లోపలికి పోలేదు. మెషిన్‌కి రెండూ ఒకటే, అందుకే ముందు దొరికినదాన్ని తుడిచేసింది."

సిందుల్ఫో కుర్చీలో కదిలాడు. "పేరు ఇరవై దాటితే రాసేటప్పుడే ఆపాలి కదమ్మా! ఆ తనిఖీ ఏమైంది?"

"తీసేశాం సార్. పోయిన ఆగస్టులో. పొడుగు పేర్లు ఒప్పుకోవట్లేదని."

"ఏ మహానుభావుడు తియ్యమన్నాడు?"



"నేనే," అంది నిమియా. "ఆడిట్‌లో రాశాను. పొట్టి కోడ్‌లు వద్దు, ఎవరు చూసినా అర్థమయ్యేలా ఊరి పేరు పూర్తిగా పెట్టండి అని. అడ్డొస్తున్న తనిఖీ తీసెయ్యమని సంతకం పెట్టాను. అదెందుకుందో అడగలేదు."

ఆ సంతకానికి రెండు నిమిషాలు పట్టలేదు. ఎవులాలియో పరువు తీసి పారేయడానికి నలభై ఎనిమిది నిమిషాలు. ఎటు కూడినా నష్టం ఆమె పేరు మీదే తేలుతోంది.

"ఎవులాలియో, తప్పు నాది. ఉద్యోగం నీదే. క్షమాపణ లెటర్ కూడా..."

"లెటరా?" అతను నవ్వలేదు. "మా అమ్మ ఆ క్లినిక్‌లోనే చూపించుకుంటుంది మేడమ్. నిన్న క్యూలో ఎవరో 'ఫోటోల దొంగ తల్లి' అన్నారట. చూపించుకోకుండానే ఇంటికొచ్చేసింది. ఆ క్యూలోకొచ్చి చెప్తారా?"

నిమియా డైరీ తెరిచింది.

"ఎక్కువమంది ఎప్పుడుంటారు?"

"పొద్దున ఏడింటికి. టోకెన్లిచ్చేటప్పుడు."

"రేపొస్తాను. మీ అమ్మని కూడా రమ్మను. ఆవిడ వినాలి."

"నేను పిలిస్తే రాదు మేడమ్. సిగ్గుతో గడప దాటట్లేదు. మీరే పిలవాలి."

"సరే," అంది నిమియా. "ఇల్లెక్కడ?"