ఎక్కని చార్జింగ్

"లిఫ్ట్ ఆపు. అందులో వాడు ఇరుక్కుంటాడు. మిగతాది మేం చూసుకుంటాం."

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ అంతే, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు. ఆయన ఏజెంట్‌కు స్వయానా అక్క మొగుడు. ఆఫీసులో సార్, ఇంట్లో బావ.

ఇరుక్కోవాల్సినవాడు విదేశీ ముఠా నాయకుడు. కాజేసిన క్షిపణి చిప్‌తో హోటల్ పై అంతస్తు నుంచి దిగుతాడు. కింద లాబీలో అతని దుబాసీ ఎదురుచూస్తూ ఉంటుంది. నల్ల కళ్లద్దాలు, నడిచొస్తే నలుగురూ తల తిప్పి చూసే ఠీవి. ముఠా జీతం తీసుకుంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో ఆమెను మహారాణి అంటారు.

ఆమెకు ఏం చెప్పాలన్నా కోడ్‌లోనే చెప్పాలి. ఆ కోడ్ తాళం ఏజెంట్ ఫోన్‌కు తగిలించే కీబోర్డ్‌లో ఉంది. దానికి సొంత బ్యాటరీ కూడా ఉంది, ఫోన్‌ను అదే చార్జ్ చేస్తుంది. "ఇక చార్జర్ మోయక్కర్లేదురా," అంటూ బావే స్వయంగా చేతిలో పెట్టాడు. ఏజెంట్ మురిసిపోయి స్టోర్స్ పుస్తకంలో సంతకం చేశాడు. అప్పట్నుంచీ చార్జింగ్ సరిగ్గా ఎక్కట్లేదని మహారాణికి రోజూ మొరపెట్టుకుంటూనే ఉన్నాడు.

లిఫ్ట్ మెకానిక్ యూనిఫాంలో అతను హోటల్ పైకప్పు మీది మెషీన్ రూంలోకి దూరి మెయిన్ స్విచ్ లాగేశాడు. మోటారు ఊపిరి వదిలినట్టు ఆగిపోయింది. షాఫ్ట్ లోంచి నాయకుడి అరుపులు గొట్టంలోంచి వచ్చినట్టు పైకి తేలివచ్చాయి. వాడు ఫోన్‌లో ఎవరితోనో తన భాషలో మాట్లాడుతున్నాడు, ఆ భాష ఏజెంట్‌కు వచ్చు.

"ఇది ఆ దుబాసీ పనే! లాబీలోనే ఉంది. లేపేయ్!"

మెట్లు దిగి వెళ్లేలోపు అంతా అయిపోతుంది. 'వర్షం ఆగింది' అని టైప్ చేస్తే చాలు, ఆమె వెనక తలుపులోంచి బయటపడుతుంది. ఫోన్ తీశాడు. స్క్రీన్ నల్లగా ఉంది. పొద్దున్నుంచీ కీబోర్డ్‌కు తగిలించి ఉన్న ఫోన్ చచ్చిపోయి ఉంది!

గోడకు సాకెట్లున్నాయి, కరెంటే లేదు. పీకింది తనే. మళ్లీ పెడితే లిఫ్ట్ కదిలి, చిప్‌తో సహా వాడు జారిపోతాడు.

శిక్షణలో చెప్పినవన్నీ గబగబా చేశాడు. ఫోన్ తొడుగు పీకేశాడు. పిన్నులను చొక్కా అంచుతో తుడిచాడు. కీల కింది లైటు ఆర్పాడు. ఫోన్ వేడెక్కితే చార్జింగ్ నెమ్మదిస్తుందని కిటికీ ఎండలోంచి నీడలోకి జరిపాడు. కీబోర్డ్ తన బ్యాటరీ అడుగంటితే ఫోన్‌కు ఇవ్వదు, కానీ దాని దీపం నిండుగా పచ్చగా ఉంది. అయినా ఫోన్ ఉలకదు, పలకదు.

"ఎక్కవే తల్లీ, ఎక్కు! ఒక మనిషి ప్రాణం పోతుంది!" అని ప్రాధేయపడ్డాడు.

ఇచ్చేది ఇస్తోంది, చేరాల్సింది చేరట్లేదు. అంటే మధ్యలో ఎవరో తాగుతున్నారు. స్క్రూడ్రైవర్‌తో కీబోర్డ్ అడుగు విప్పాడు.

బ్యాటరీ పక్కనే గోరంత మైక్రోఫోన్, ట్రాన్స్‌మిటర్. శత్రువుది కాదు. ఇలాంటివి ఎందరి బల్లల కిందో తనే అంటించాడు.

పీకి అవతల పారేశాడు. ఫోన్‌కు ప్రాణం లేచొచ్చింది. టైప్ చేశాడు: వర్షం ఆగింది.

అతను రొప్పుతూ కిందికి వచ్చేసరికి లాబీలో ఒక కుర్చీ వీపుకు తూటా చిల్లు పడి ఉంది. కుర్చీ ఖాళీ. డిపార్ట్‌మెంట్ వాళ్లు తుపాకీవాడిని నేలకు అదిమిపెట్టారు. చీఫ్ తీరిగ్గా సోఫాలో కూర్చుని ఉన్నాడు.

"నా కీబోర్డ్‌లో మైకెందుకు బావా?"

"ఆవిడతో నీ మాటలు ఎక్కువయ్యాయి. ముఠాకు అమ్ముడుపోయావేమోనని అనుమానం వచ్చింది."

"పైన నేను మొత్తుకున్నది విన్నావుగా! వాడు లేపేయమన్నదీ విన్నావు. నువ్వు ఆవిణ్ణి పక్కకు లాగొచ్చుగా?"

"లాగితే బగ్ సంగతి బయటపడదూ? నువ్వు ఆవిణ్ణి హెచ్చరిస్తావో, ముఠాకే వదిలేస్తావో చూద్దామని ఆగాను. పాసయ్యావ్‌లే."

ఆ కీబోర్డ్ జేబులో పెట్టుకుని అక్క ఇంట్లో ఎన్నిసార్లు భోజనం చేశాడో ఏజెంట్‌కు గుర్తొచ్చింది.

బావ గొంతు తగ్గించాడు. "మీ అక్క నన్ను బండరాయి అంటుందటగా?"

"తప్పేముంది?"

జేబులో ఫోన్ కదిలింది. మహారాణి నుంచి మెసేజ్: 'రోజూ చార్జింగ్ ఎక్కట్లేదన్నారుగా, అప్పుడే అర్థమైంది. మీవాళ్లు మిమ్మల్నే నమ్మలేదు, నన్నేం కాపాడతారు? వెతక్కండి.' అతను రెండుసార్లు చదువుకుని ఫోన్ ఆపేశాడు. వర్షం ఆగిందని చెప్పింది తనే, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఉండమంటాడు?

చీఫ్ లేచి కోటు దులుపుకున్నాడు. "పైకెళ్లి ఆ బగ్ వెతికి తెచ్చి స్టోర్స్‌లో అప్పజెప్పు. కీబోర్డ్, దాని విడిభాగాలు అని సంతకం పెట్టింది నువ్వేగా."

నాయకుడు ఇరుక్కున్న లిఫ్ట్ ఇంకా పనిచేయడం లేదు. ఏజెంట్ మెట్లెక్కాడు.